రిజిస్టర్లో తొంభై ఆరు

చేతులు కడుక్కున్నాకే వేలికి క్లిప్పు పెట్టించుకోవాలన్నది గేటు దగ్గర రిజిస్టర్ రాసే పెద్దక్క పెట్టిన రూలు. మేనేజరు చెప్పింది వేరు. జ్వరాల కాలం కాబట్టి లాండ్రీలోకి వచ్చే ప్రతి మనిషికీ పొద్దున్నే ఒంటి వేడీ, ఆక్సిజనూ చూసి రిజిస్టర్లో రాయాలి, ఆక్సిజన్ తొంభై నాలుగు కంటే తగ్గితే ఇంటికి పంపెయ్యాలి. అంతే ఆయన చెప్పింది. కడుక్కోవడం సంగతి ఆయన ఎత్తనే లేదు. పదహారు మంది వేళ్ళు ఒకే క్లిప్పులో దూరుతుంటే చూస్తూ ఊరుకోవడం పెద్దక్క వల్ల కాలేదు. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికేవాళ్ళం, మనకే శుభ్రం లేకపోతే ఎట్లా అని గేటు పక్కన కుళాయి దగ్గర సబ్బు పెట్టించింది, తుడుచుకోవడానికి తువ్వాలు కట్టించింది.

ఆ కుళాయి నీళ్ళు చలికాలం పొద్దున వేళ్ళు కొరికేస్తాయి. చల్లబడ్డ వేలికి క్లిప్పు పెడితే అంకె తక్కువ చూపిస్తుంది. మొదటి రోజు పదహారు మందిలో ఏడుగురికి తొంభై లోపే వచ్చేసరికి పెద్దక్క కంగారుపడింది. "రుద్దుకుని మళ్ళీ పెట్టమ్మా" అన్నాడు మిషను మామ. ఉతికే డ్రమ్ముల దగ్గర ఇరవై ఏళ్ళుగా ఉన్న మనిషి ఆయన. రుద్దుకుని పెడితే అందరికీ తొంభై ఏడు, తొంభై ఎనిమిది. అందరూ నవ్వుకున్నారు. వారం తిరిగేసరికి ఆ రుద్దుకోవడం కూడా తగ్గింది. తక్కువ వస్తే "చేతులు చల్లబడ్డాయి లే" అనుకుని పెద్దక్క తొంభై ఆరు రాసేసేది. తొంభై ఏడు రాస్తే మరీ గొప్పగా ఉంటుందని, తొంభై ఐదు రాస్తే మేనేజరు అడుగుతాడని, తొంభై ఆరు.

ఆ సోమవారం లైన్లో చివరన గంట నిలబడి ఉంది.

అసలు పేరు ఏదో ఉంది గానీ ఆ గొంతు విన్నవాళ్ళెవరూ దాన్ని వాడలేదు. రోలరు ఇస్త్రీ దగ్గర ఆమె మాట్లాడితే ఆవల నీళ్ళు పిండే మిషను మోత దాటి వినిపించేది. వారం రోజులు జ్వరంతో మంచాన పడి, ఆ రోజే పనిలోకి వచ్చింది. రావడం అంటే ఆమెంతట ఆమె రాలేదు. ముందురోజు పెద్దక్కే ఫోన్ చేసింది. "జ్వరం తగ్గి రెండు రోజులైంది కదే. రోలరు దగ్గర మనిషి లేక చస్తున్నాం. వచ్చి నిలబడు చాలు, మిగతా ముగ్గురూ లాక్కొస్తారు." గంట "సరే అక్కా" అంది. ఆ రెండు మాటల మధ్య ఒక ఊపిరి తీసుకుంది. ఆ సంగతి పెద్దక్కకి తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

"ఏంటే, గంట మూగబోయింది?" అంది లైన్లో ముందున్నామె.

"వారం నుంచి మోగలేదుగా, తుప్పు పట్టింది" అంది ఇంకొకామె.

గంట నవ్వింది. నవ్వి దగ్గింది. చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని వేలు చాపింది. పెద్దక్క క్లిప్పు పెట్టింది.

ఎనభై ఎనిమిది.

"రుద్దుకో."

గంట రుద్దుకుంది. నెమ్మదిగా, ఏదో ఆలోచిస్తున్నట్టు రుద్దుకుంది. ఎనభై తొమ్మిది. పక్కన సరుకు ఎక్కించే చోట వ్యాన్ హారన్ మోగింది. ఎనిమిది గంటలకల్లా మొదటి లోడు వెళ్ళాలి, రసీదు మీద పెద్దక్క సంతకం పడితేనే బండి కదులుతుంది. ఆ వ్యాన్ డ్రైవరు గంట మొగుడే. తెల్లవారకముందే డ్యూటీకి వచ్చేస్తాడు కాబట్టి, పెళ్ళాం ఏ బస్సులో వచ్చిందో, ఎన్నిసార్లు ఆగి మెట్లెక్కిందో అతనికి తెలీదు.

"ఇటు తే" అని పెద్దక్క ఆ చెయ్యి లాక్కుని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని గట్టిగా రుద్దింది. నోటితో ఊదింది. గంట కళ్ళు ఎత్తి ఆమెనే చూస్తూ నిలబడింది. తొంభై. తొంభై ఒకటి. మళ్ళీ హారన్. ఈసారి ఆపకుండా.

"వస్తున్నా బాబూ వస్తున్నా! నీ బండి తగలెయ్య!" అని అరిచి, రిజిస్టర్లో తొంభై ఆరు రాసి, పెద్దక్క పరుగెత్తింది.

రోలరు ఇస్త్రీకి నలుగురు కావాలి. ఇద్దరు తడి దుప్పటి చివరలు పట్టుకుని సమానంగా రోలరు నోటికి అందించాలి, అవతల ఇద్దరు పొగలు కక్కుతూ వచ్చేదాన్ని అందుకుని మడత పెట్టాలి. ఒక చెయ్యి వెనకబడితే దుప్పటి ముడత పడుతుంది. ఆ పూట మూడు దుప్పట్లు ముడతపడ్డాయి. నాలుగోసారి గంట చేతిలోంచి మూల జారిపోయింది. ఆమె వంగి తీయబోయి, తీయకుండా, ట్రాలీ అంచు పట్టుకుని కూర్చుండిపోయింది.

పెద్దక్క చూసింది. "వారం పడుకుంటే ఒళ్ళు మొద్దుబారదూ? రెండు రోజులు కదిలితే అదే సర్దుకుంటుంది" అంది. మందలించినట్టు అనలేదు. ప్రేమగానే అన్నాననుకుంది.

మంగళవారం ఎనభై ఏడు వచ్చింది. రుద్దితే ఎనభై తొమ్మిది. ఆ రోజు పెద్దక్క రెండోసారి రుద్దలేదు. తొంభై ఐదు రాసింది. తొంభై ఆరు రాయడానికి చెయ్యి రాలేదు. అలా ఒక అంకె తగ్గించి రాస్తే కొంచెం నిజం రాసినట్టు అనిపించింది.

బుధవారం లైన్లో గంట లేదు. రసీదు మీద సంతకం కోసం వ్యాన్ డ్రైవరూ రాలేదు. మేనేజరే వచ్చాడు.

"రోలరు అమ్మాయిని పొద్దున్నే ఆసుపత్రిలో చేర్చారంట. ఊపిరి అందడం లేదంట. డాక్టర్లు ఎప్పటి నుంచి అని అడిగితే మొగుడు నాకు ఫోన్ చేశాడు. రిజిస్టర్ పేజీ ఫోటో తీసి పంపించేశా." రిజిస్టర్ని అరచేత్తో తట్టాడు. "నువ్వు రోజూ రాస్తున్నావు కాబట్టి బతికిపోయాం. నిన్నటిదాకా తొంభై ఐదు ఉంది కదా. మన పనిలో అయ్యిందని ఎవడూ అనలేడు."

పెద్దక్క "ఊఁ" అంది. ఆ తర్వాత వచ్చిన మనిషి వేలికి క్లిప్పు పెట్టడం మర్చిపోయి, నుదుటికి పెట్టే వేడి మిషను వేలికి పెట్టింది.

*

ఆసుపత్రికి వెళ్ళేసరికి మధ్యాహ్నం మూడైంది. వార్డు తలుపుకి ఇవతల పొడుగాటి వరండా, గోడ వెంబడి బల్లలు. వ్యాన్ డ్రైవరు ఒక బల్ల చివర కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో గంట చెప్పులు. లోపలికి తీసుకెళ్తూ ఎవరో చేతికిచ్చి ఉంటారు. ఎక్కడ పెట్టాలో తెలీక అలాగే పట్టుకున్నాడు.

"వదినా" అని లేచాడు. పెళ్ళాం అక్కా అని పిలుస్తుంది కాబట్టి అతనికి వదిన. "నిన్న సాయంత్రం అన్నం కూడా తిన్నది వదినా. తెల్లారేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. లేపితే నన్ను ఎవరో అన్నట్టు చూసింది."

తలుపు అద్దంలోంచి మంచం కనిపిస్తోంది. ముఖం మీద మాస్కు, దాని కింద గంట ముఖం సగమైంది. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. కప్పిన దుప్పటి అంచున ఎర్రదారంతో కుట్టిన గుర్తు ఉంది. తమ లాండ్రీదే. మూల దగ్గర చిన్న ముడత కూడా ఉంది.

కళ్ళద్దాల డాక్టరమ్మ బయటికి వచ్చింది. చిన్న వయసు, నిద్ర లేని కళ్ళు. "మీరు వాళ్ళ అక్కగారా? కూర్చోండి. ఈయనకి రెండుసార్లు చెప్పాను, సరిగా ఎక్కలేదు. జ్వరం తెచ్చిన వైరస్ ఈపాటికి చాలావరకు పోయి ఉంటుంది. ఇప్పుడు కష్టపెడుతున్నది అది కాకపోవచ్చు. వైరస్ మీద యుద్ధానికని ఆమె ఒళ్ళే ఒక సైన్యాన్ని లేపింది. కొంతమందిలో ఆ సైన్యం పనైపోయినా ఆగదు. సొంత ఊపిరితిత్తుల మీదే పడుతుంది. వాచిపోయి, నీరు చేరి, గాలి లోపలికి వెళ్ళదు."

"అదే నాకు అర్థం కావట్లేదు మేడం" అన్నాడు డ్రైవరు. "రోగం పోయిందంటారు, ప్రాణం మీదికొచ్చిందంటారు. రోగం పోతే మనిషి లేవాలి కదా?"

డాక్టరమ్మ ఏదో చెప్పబోయింది. లోపల ఏదో మిషను కూసేసరికి ఆమె వెళ్ళిపోయింది.

పెద్దక్క అతని పక్కన కూర్చుంది. "దుప్పటి మీద నెత్తురు మరక ఉందనుకో. బ్లీచింగ్ వేస్తాం. మరక పోతుంది. పోయాక బ్లీచింగ్ ఊరుకుంటుందా?"

"ఊరుకోదు. మామ విరుగుడు వేస్తాడు కదా."

"వెయ్యకపోతే?"

చిరుగుల దుప్పట్లు మూటగట్టి వెనక్కి తెచ్చేది అతనే. "నూలు తినేస్తుంది. చెయ్యి పెడితే చిల్లు పడుతుంది."

"అదే. మరక తియ్యడానికి వేసిందే గుడ్డని తింటోంది. ఇప్పుడు బ్లీచింగ్ ఇంకా పొయ్యకూడదు. దాన్ని ఆపాలి."

"అయితే ఆపే మందు ఉందా?"

"ఉంటుంది. అందుకే కదా డాక్టర్లు."

అతను చెప్పులు కింద పెట్టి రెండు చేతులూ ముఖానికి పెట్టుకున్నాడు. తీసేసరికి ముఖం కొంచెం తేటపడింది. "పొద్దుట్నుంచి ఎవరూ ఇట్లా చెప్పలేదు వదినా. నువ్వు వచ్చావు, ధైర్యం వచ్చింది. నువ్వు లేకపోతే మాకెవరున్నారు చెప్పు."

పెద్దక్క కొంగు సర్దుకుంది. సర్దుకోవలసిన అవసరం లేదు.

డాక్టరమ్మ మళ్ళీ వచ్చి నిలబడే మాట్లాడింది. ఆపే మందు ఉందని చెప్పింది. అయితే అది ఒంటి కాపలా మొత్తాన్ని పడుకోబెట్టే మందు. గంటకి షుగర్ ఉంది, ఆ మందుతో షుగర్ ఎగిరిపోతుంది. పైగా ఇది ఒళ్ళు తిరగబడటం కాకుండా వేరే క్రిములు చేరిన నిమోనియా అయితే, కాపలాని పడుకోబెట్టడం ప్రమాదం. "మమ్మల్ని ఆలోచనలో పడేస్తున్నది ఒక్కటే. ఒళ్ళు తిరగబడిందే అయితే ఆక్సిజను రెండు మూడు రోజులుగా మెల్లగా దిగాలి. మీ రిజిస్టర్ చూస్తే నిన్న పొద్దున తొంభై ఐదు ఉంది. ఈ రోజు ఎనభై రెండు. ఒక్క రాత్రిలో ఇంత పడిందంటే ఊపిరితిత్తుల్లో నెత్తురు గడ్డకట్టిందేమో, వేరే క్రిమేమో చూడాలి. స్కానింగ్ లైన్లో ఉన్నాం. రేపటికి రక్తపరీక్షలు కూడా వస్తాయి. అప్పటిదాకా ఆక్సిజను, మిగతా మందులు నడుస్తాయి."

"నిన్న బాగానే ఉంది మేడం. రాసి ఉంది కదా. మా వదిన దగ్గరుండి చూసి రాస్తుంది" అన్నాడు డ్రైవరు. గర్వంగానే అన్నాడు.

డాక్టరమ్మ పెద్దక్క వైపు చూసింది. మర్యాదకి చూసిన చూపు అది. అందులో ఏ ప్రశ్నా లేదు. పెద్దక్క నోరు తెరిచింది. వరండా చివర ఎవరో ట్రాలీ తోసుకొస్తున్నారు, దాని చక్రం ఒకటి కీచుమంటోంది. అది దగ్గరికి వచ్చి, దాటి, వెళ్ళిపోయేదాకా ఆగింది. అప్పటికి డాక్టరమ్మ లేదు.

"వస్తా బాబూ" అని లేచింది. డ్రైవరు గేటు దాకా వచ్చి సాగనంపాడు.

*

గురువారం పొద్దున రిజిస్టర్ తెరిచింది. తన చేతిరాత ముచ్చటగా ఉంటుందని మేనేజరు పదిసార్లు మెచ్చుకున్నాడు. పేజీ నిండా తొంభై ఆరులు వరుసగా నిలబడి ఉన్నాయి, ఒకే ఎత్తులో, ఒకే వంపులో. ఒక మనిషి అంకెకీ ఇంకో మనిషి అంకెకీ తేడా లేదు. బతికున్న పదహారు మంది ఊపిరి అంత ఒక్క తీరుగా ఉంటుందా? ఇన్నాళ్ళూ ఈ పేజీ చూసి ఎవరికీ అనుమానం రాలేదంటే, ఎవరూ చూడలేదన్నమాట. తను కూడా.

ఆ రోజు ఎవరికీ చేతులు కడుక్కోమని చెప్పలేదు. గుడ్డతో తుడిచి క్లిప్పు పెట్టింది. ఏమైందని ఒకరిద్దరు అడిగితే తర్వాతి మనిషిని పిలిచింది.

లోపల మిషను మామ డ్రమ్ము మూత పక్కన నిలబడి గోడ గడియారం చూస్తున్నాడు. చేతిలో విరుగుడు మగ్గు.

"వెయ్యవేం మామా?"

"ఇంకా ఆరు నిమిషాలుంది."

"ముందే వేస్తే ఏం పోయింది? గుడ్డ జాగ్రత్తగా ఉంటుంది కదా."

మామ ఆమెని ఎగాదిగా చూశాడు. "ఇన్నేళ్ళు పనిచేసి ఇప్పుడడుగుతున్నావా? ముందేస్తే బ్లీచింగ్ చచ్చిపోద్ది, మరక అట్లాగే కూర్చుంటుంది. ఆలస్యం చేస్తే మరకతోపాటు గుడ్డా పోద్ది. రోజూ గడియారం వంక నేను ఊరికే చూస్తున్నానా, అందగత్తె కనిపిస్తుందని?" మగ్గు ఇంకో చేతికి మార్చుకున్నాడు. "దీనికి కావలసింది ఒక్కటేనమ్మా. బ్లీచింగ్ ఎప్పుడు వేశారో నాకు నిజం చెప్పాలి. పొద్దుటి షిఫ్టువాడు ఏడింటికి వేసి ఏడున్నర అని రాశాడనుకో, నేనేం చెయ్యగలను?"

ఆయనకేమీ తెలీదు. పనిలో మాట అన్నాడంతే.

పెద్దక్క గేటు దగ్గరికి వచ్చి రిజిస్టర్ తీసి చంకలో పెట్టుకుంది. మేనేజరు తన గదిలోంచి చూసి బయటికి వచ్చాడు.

"అది ఎక్కడికి?"

"ఆసుపత్రికి."

"ఫోటో పంపించా కదమ్మా."

"ఫోటోలో ఉన్నది తప్పు సార్."

"ఏం తప్పు?"

"సోమవారం ఎనభై ఎనిమిది. మంగళవారం ఎనభై ఏడు. నేనే మార్చి రాశాను."

మేనేజరు వెనక్కి తన గదిలోకి చూశాడు, తర్వాత గేటు బయటికి చూశాడు, గొంతు తగ్గించాడు. "పిచ్చి పట్టిందా నీకు? తక్కువున్న మనిషిని పనిలో నిలబెట్టామని నువ్వే రాసిచ్చి వస్తావా? రేపు నా మీదికొస్తుంది, నీ మీదికొస్తుంది. నీ ఉద్యోగం కాపాడటానికి నేనుండను. ఇప్పుడు వాళ్ళకి చెప్తే ఆ పిల్లకి ఊపిరి వచ్చేస్తుందా?"

"తెలీదు సార్" అంది పెద్దక్క. నిజంగానే తెలీదు. నడిచింది.

దారి పొడుగునా రెండుసార్లు బస్సు దిగిపోదామనుకుంది. దిగకపోవడానికి ధైర్యం కారణం కాదు. చంకలో రిజిస్టర్ ఉంది, దాన్ని పట్టుకుని వెనక్కి వెళ్తే మేనేజరు నవ్వుతాడు. అంత చిన్న కారణంతోనే వార్డు దాకా వచ్చింది.

డాక్టరమ్మ బల్ల దగ్గర ఏదో రాసుకుంటోంది. డ్రైవరు పక్కనే నిలబడి ఉన్నాడు, కాగితాల మీద సంతకం కోసం. పెద్దక్క అతను వెళ్ళేదాకా ఆగాలనుకుంది. ఆగితే నిన్నట్లాగే అవుతుందని తెలుసు. రిజిస్టర్ తెరిచి బల్ల మీద పెట్టింది.

"అమ్మా, ఈ అంకెలు అబద్ధం. సోమవారం ఎనభై ఎనిమిది వచ్చింది. చేతులు చల్లగా ఉన్నాయనుకుని రుద్దాను. ఎంత రుద్దినా తొంభై ఒకటి దాటలేదు. తొంభై ఆరు రాశాను. మంగళవారం ఎనభై ఏడు, రుద్దితే ఎనభై తొమ్మిది. తొంభై ఐదు రాశాను. ఒక్క రాత్రిలో పడలేదమ్మా. సోమవారం నుంచే పడిపోతోంది. ఫోన్లో మాట్లాడినప్పుడు ఆదివారమే ఆయాసపడింది. నేను పట్టించుకోలేదు."

డాక్టరమ్మ కలం ఆగింది. తిట్టలేదు. వెంటనే అడగడం మొదలుపెట్టింది. జ్వరం మొదలైంది ఏ రోజు, తగ్గింది ఏ రోజు, పనిచేస్తున్నప్పుడు ఛాతీలో నొప్పి అందా, దగ్గితే కఫం పడిందా. పెద్దక్క తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదని చెప్పింది. డాక్టరమ్మ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుని లోపలికి వెళ్ళి, పెద్ద డాక్టరుకి ఫోన్ చేసింది. మాటలు ముక్కలుముక్కలుగా వినిపించాయి. "...పదకొండో రోజు సార్... లేదు, మెల్లగానే దిగింది... అవును, షుగర్ చూసుకుంటూ..." నర్సు ఒకామె ట్రేలో సూదిమందు పట్టుకుని వార్డులోకి పోయింది.

బయటికి వచ్చి డాక్టరమ్మ అంది. "మందు మొదలుపెడుతున్నాం. స్కానింగూ రక్తపరీక్షా సాయంత్రానికి వస్తాయి, అవి చూశాక మేమే మొదలుపెట్టేవాళ్ళమేమో. ఈలోపు కొన్ని గంటలు కలిసొచ్చాయి. ఇలాంటివాటిలో గంటలు కూడా లెక్కే." వెళ్ళబోతూ ఆగింది. "సోమవారమే పంపి ఉంటే బాగుండేది."

ఆ మాట అనకుండా ఉంటే బాగుండునని పెద్దక్కకి అనిపించింది. అనకపోతే ఇంకా బాధగా ఉండేదనీ అనిపించింది.

డ్రైవరు రిజిస్టర్ వైపే చూస్తున్నాడు. సోమవారం గడిలో పెళ్ళాం పేరుకెదురుగా ఉన్న అంకె మీద వేలు పెట్టాడు.

"ఎందుకు అట్లా రాశారు?"

నిన్నటిదాకా నువ్వు. వదిన. ఈ రోజు మీరు. గౌరవంగా పిలిస్తే మనిషి ఇంత దూరమవుతాడని పెద్దక్కకి ఇంతకుముందు తెలీదు.

జవాబు నోటి దాకా వచ్చింది. నువ్వు హారన్ కొడుతున్నావు, రసీదుకి సంతకం కావాలని ప్రాణం తోడేస్తున్నావు, అని. అది అబద్ధం కూడా కాదు. పెళ్ళాం చెప్పుల్ని మళ్ళీ చేతిలోకి తీసుకుని నిలబడ్డ మనిషి మీద ఆ మాట వెయ్యడానికి ఆమెకి నోరు రాలేదు.

"బుద్ధి లేక" అంది.

"ఇంటికెళ్ళండి" అన్నాడు అతను. గట్టిగా అనలేదు. చెప్పులు జాగ్రత్తగా బల్ల కింద పెట్టి, ఆమె కూర్చోబోయిన చోట తను కూర్చున్నాడు.

*

శుక్రవారం, శనివారం పెద్దక్క వార్డు దాకా వెళ్ళలేదు. కింద మందుల కిటికీ దగ్గర నిలబడి, దుప్పట్ల ట్రాలీ తోసే ఆయాను అడిగి తెలుసుకునేది. "అట్లాగే ఉంది." "కొంచెం మేలంట." "షుగర్ పెరిగిందంట, సూదులు వేస్తున్నారు." ఆదివారం ఆయానే నవ్వుతూ ఎదురొచ్చింది. "మీ పిల్ల నర్సుని తిడుతోంది. మాస్కు తీసి టీ ఇమ్మంటోంది. వెళ్ళి చూసుకో, మొగుడు స్నానానికి ఇంటికి పోయాడు."

గంట తల ఎత్తుగా పెట్టుకుని పడుకుని ఉంది. చేతుల మీద సూదుల మచ్చలు. పెద్దక్కని చూసి కళ్ళతో పక్కనున్న స్టూలు చూపించింది. మాట్లాడితే ఆయాసం కాబట్టి రెండేసి మాటలు విడగొట్టి మాట్లాడింది.

"మా ఆయన... అన్నీ చెప్పాడు."

"ఊఁ."

"నాకూ తెలుసు అక్కా. నేనూ చూశా. ఎనభై ఎనిమిది... నాకు కనిపించదా?" ఊపిరి తీసుకుంది. "ఇంటికి పోతానని... అందామనుకున్నా. నువ్వు నా చెయ్యి పట్టుకుని... అట్లా రుద్దుతున్నావు. ఊదుతున్నావు. మా అమ్మ పోయాక... ఎవరూ అట్లా పట్టుకోలేదు. అంత ప్రేమగా చూస్తుంటే... బాగాలేదని... ఎట్లా చెప్తాను?"

కిటికీలోంచి ఎండ మంచం కాళ్ళ దాకా వచ్చింది. పెద్దక్క ఆ ఎండనే చూస్తూ కూర్చుంది. ఆ మాటని అలాగే ఉంచెయ్యొచ్చు. రిజిస్టర్ అబద్ధం బయటపడింది, ఉద్యోగం ఊగుతోంది, మరిది ముఖం చూడటం లేదు. మిగిలింది ఇదొక్కటే. గంట మనసులో వెచ్చగా ఉన్న ఆ రెండు అరచేతులు. దాన్ని ఉంచుకుంటే ఎవరికి నష్టం?

"అది ప్రేమ కాదే" అంది. "పని. అంకె పెరిగితే నిన్ను లోపలికి పంపొచ్చని రుద్దాను. నలుగురూ లేకపోతే రోలరు తిరగదు. నీ ముఖం వంక చూడనేలేదు. చూసుంటే ఇంటికి పంపేదాన్ని."

గంట తల పక్కకి తిప్పుకుంది. మాస్కులోంచి గాలి బుసబుసమంటోంది. పెద్దక్క లేవాలా వద్దా అని స్టూలు అంచున కూర్చుంది.

చివరికి దుప్పటి కింద నుంచి గంట చెయ్యి బయటికి వచ్చింది. వేలికి క్లిప్పు ఉంది. ఆ వేలిని పెద్దక్క వైపు చాపింది, గేటు దగ్గర చాపినట్టే.

"ఎంతుంది?"

మిషను గోడ వైపు తిరిగి ఉంది, గంటకి కనిపించదు. పెద్దక్క లేచి, వంగి చూసింది.

"తొంభై మూడు."

గంట కళ్ళు తిప్పి ఆమె ముఖంలోకి చూసింది.

"నిజంగానా?"

అందులో నవ్వు ఉందో, లేదో, మాస్కు ఉంది కాబట్టి తెలీలేదు. పెద్దక్క మిషనుని చేత్తో పట్టుకుని, వైర్లు లాగకుండా, అంకె గంటకి కనిపించేలా తిప్పి పెట్టింది. ఇద్దరూ దాన్ని చూస్తూ ఉన్నారు. తొంభై మూడు తొంభై రెండైంది. కాసేపటికి మళ్ళీ తొంభై మూడైంది.

*

సోమవారం గేటు దగ్గర కుళాయి పక్కన బకెట్లో వేన్నీళ్ళు పెట్టి ఉన్నాయి. మామ ఆవిరి గొట్టం నుంచి పట్టి తెచ్చాడు. పక్కన ఒక కుర్చీ. కడుక్కున్నవాళ్ళు చేతులు ఆరేదాకా అందులో కూర్చోవాలి, ఆయాసం తీరేదాకా కూడా. లైను నత్తలా కదులుతోంది.

"ఇట్లాగైతే మధ్యాహ్నానికి లోపలికి పోతాం" అంది ఒకామె.

"పొండి. మధ్యాహ్నమే పొండి."

మేనేజరు తన గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. శనివారమే చెప్పేశాడు, నెలాఖరు దాకా చూస్తానని, ఆ తర్వాత గేటు దగ్గరికి ఇంకొకర్ని పెట్టుకుంటానని. కొత్త రిజిస్టర్ పేజీలో అంకెలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. తొంభై ఎనిమిది, తొంభై ఐదు, తొంభై ఏడు. నీళ్ళు పిండే మిషను దగ్గర పనిచేసే ఆమెకి తొంభై రెండు వచ్చింది. కుర్చీలో ఇంకో పది నిమిషాలు కూర్చోబెట్టినా తొంభై రెండే. "చేతులు చల్లబడ్డాయి అక్కా, అంతే" అందామె, నవ్వుతూ. పెద్దక్క ఆమె చేతుల వంక చూడలేదు. ముఖం చూసింది. చీటీ రాసి ఆసుపత్రికి పంపించింది.

వ్యాన్ వచ్చి సరుకు ఎక్కించే చోట ఆగింది. లోడు ఎక్కింది. ఎనిమిదైంది, ఎనిమిదీ పది అయింది. పెద్దక్క లైను వదిలి కదల్లేదు. చివరికి డ్రైవరే దిగి రసీదు పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. లైను వెనకే నిలబడ్డాడు. తన వంతు వచ్చాక వేన్నీళ్ళలో చేతులు కడుక్కుని కుర్చీలో కూర్చున్నాడు. ఆ నాలుగు రోజుల్లో గడ్డం మాసిపోయింది.

"ఆ రోజు పొద్దున" అన్నాడు, చేతుల్లోకి చూసుకుంటూ, "నేను హారన్ కొట్టాను కదూ?"

పెద్దక్క క్లిప్పు తుడుస్తోంది. తుడవడం ఆపలేదు.

"నువ్వు కొట్టినా కొట్టకపోయినా, రాసింది నా చెయ్యి."

అతను వేలు చాపాడు. ఆమె క్లిప్పు పెట్టి, అంకె నిలబడేదాకా ఆగింది.

"తొంభై ఆరు" అంది.

అని ఆగిపోయింది. కలం కాగితం మీద ఆనలేదు. ఇన్నాళ్ళూ ఎవరికీ రాకుండానే అందరికీ రాసిన అంకె అది. ఇప్పుడు నిజంగా వచ్చింది, రాద్దామంటే చెయ్యి నమ్మడం లేదు. క్లిప్పు తీసి, అతని వేలినీ, క్లిప్పునీ మళ్ళీ తుడిచి, మళ్ళీ పెట్టింది. తొంభై ఆరే.

"రాయండి" అన్నాడు డ్రైవరు.

రాసింది. అతను రసీదు బల్ల మీద పెట్టాడు. ఆమె సంతకం చేసింది. అతను వెళ్ళి బండిలో కూర్చున్నాడు. వ్యాన్‌కి అడ్డంగా ఎవరో దుప్పట్ల ట్రాలీ వదిలేసి పోయారు, దాన్ని తీసే మనిషి లోపలెక్కడో ఉన్నాడు. పెద్దక్క తెలియకుండానే భుజాలు బిగబట్టుకుని హారన్ కోసం ఎదురుచూసింది.

బండి తలుపు తెరుచుకుంది. డ్రైవరు దిగి, ట్రాలీని తనే పక్కకి తోసి, మళ్ళీ ఎక్కాడు.

లైన్లో తర్వాతి మనిషి కుర్చీలో కూర్చుంది.